జెల్లీ సంచీల పటాలం

మెడగుడ్డ నమూనా పోయిన రోజు సోమవారం. పోయిందన్న సంగతి ఆ రోజు ఎవరికీ తెలియదు. హార్లో ఫాల్స్‌లో సోమవారమంటే చాకిరేవు రోజు. ప్రతి పెరట్లోనూ దండేల మీద దుప్పట్లు గాలికి ఎగురుతున్నాయి. థిర్జా పెటిబోన్ మాత్రం నీళ్ళ తొట్టి దగ్గరికే పోలేదు. ఆదివారం సెలవు మీద వచ్చిన తమ్ముడు ఓరిన్ క్యాంపుకు తిరిగి వెళ్తున్నాడు, బండి గేటు ముందు నిలబడి ఉంది. ఆమె పరుగున వంటింట్లోకి వెళ్ళి చీజ్ గడ్డ తీసి, తలుపు వెనక మేకు నుంచి చేతికందిన కాగితం లాగి దాంట్లో చుట్టి, దారం కట్టి, అతని చంకలో పెట్టింది.

"మెడ జాగ్రత్త," అంది.

"అందరి అక్కలూ ఒళ్ళు జాగ్రత్త అంటారు. మా అక్క ఒక్కతే మెడ జాగ్రత్త అంటుంది," అన్నాడు ఓరిన్ బండి ఎక్కుతూ.

రెండేళ్ళ కిందట, ఇలాంటి జూలైలోనే, థిర్జా భర్త ఏసా గడ్డి కోస్తూ పొలంలో పడిపోయాడు. తల మీద టోపీ ఉంది. ఎండ మెడ మీద కొట్టిందని డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచి ఆమె ఊరి బడిలో పాఠాలు చెప్పుకుంటూ, తను పెంచిన తమ్ముణ్ణి చూసుకుంటూ ఉంది. దక్షిణాది రాష్ట్రాల వాళ్ళతో యుద్ధం వచ్చి ఓరిన్ పటాలంలో పేరు రాయించుకున్నప్పుడు ఆమె తుపాకుల గురించి ఏమీ అడగలేదు. "వర్జీనియాలో ఎండ ఎలా ఉంటుంది?" అని మాత్రం అడిగింది.

అందుకే మెడగుడ్డల కబురు రాగానే ఆమెకు ప్రాణం లేచివచ్చింది. సిపాయి టోపీ మీద తొడిగితే వెనక భుజాల దాకా దిగే తెల్లగుడ్డ అది. పేరు హేవ్‌లాక్. ఇండియా ఎండల్లో ఇంగ్లీషు సిపాయిలు మెడలు కాలకుండా దీన్నే తొడుక్కున్నారని పత్రికల్లో పడింది. అంతే, ఆ వేసవి ఉత్తరాది ఊళ్ళన్నిటికీ పూనకం వచ్చింది. ఆడవాళ్ళున్న ప్రతి ఇంట్లోనూ సూది దారం బయటికి వచ్చాయి. కల్నల్ గారి భార్య ఊరూరికీ తిప్పుతున్న హేవ్‌లాక్ ఒక్క పూట హార్లో ఫాల్స్‌లో ఆగితే, థిర్జా దాన్ని గోధుమరంగు కాగితం మీద పరిచి, గీత గీసి, కత్తిరించి, తలుపు వెనక మేకుకు గుచ్చింది. ఆ పూట కుట్టుసంఘం అధ్యక్షురాలు సిస్టర్ క్రాండల్ పన్ను పీకించుకోవడానికి పట్నం వెళ్ళింది కాబట్టి దాన్ని చూడలేదు. చూడలేదని ఎవరికీ చెప్పలేదు కూడా.

శనివారం రైలుకు పటాలం బయలుదేరుతుంది. మంగళవారం కత్తిరించి, బుధవారం కుట్టి, గురువారం పెట్టెకెక్కించాలని సంఘం నిర్ణయించింది. కానీ ఆ వారమే బడి పరీక్షలు. కమిటీ పెద్దలు వచ్చి బల్లల మీద కూర్చుంటారు. థిర్జా కదలడానికి లేదు. మంగళవారం ఉదయం ఆమె పక్కింటి రొక్సానా బీబీతో, "వంటింటి తలుపు వెనక మేకుకుంది. తీసుకుపో," అని చెప్పి బడికి పోయింది.

రొక్సానా వెళ్ళి చూసింది. మేకుకు ఒక కాగితం ఉంది. తీసుకుపోయింది.

ఆ మధ్యాహ్నం చర్చి కింది గదిలో జరిగినదంతా రొక్సానా థిర్జాకు తర్వాత పూసగుచ్చినట్టు చెప్పింది. కాగితాన్ని బల్ల మీద పరిచారు. ఒక వైపు వెడల్పు, ఇంకో వైపు సన్నగా మొనదేలి ఉంది. వెడల్పు అంచున నాలుగు చోట్ల పెన్సిలు గుర్తులున్నాయి. ఆడవాళ్ళు దాని చుట్టూ తిరిగి చూసి, చివరికి అందరూ సిస్టర్ క్రాండల్ వైపు చూశారు.

"టోపీ మీద తొడిగేదానికి మొన ఎందుకు?" అని అడిగింది రొక్సానా.

సిస్టర్ క్రాండల్ కాగితాన్ని మెల్లగా గుండ్రంగా తిప్పింది. "మీరు తలకిందులుగా చూస్తున్నారు. మొన పైకి రావాలి. ఇది జువావ్ పద్ధతి, ఫ్రెంచి సిపాయిల తరహా. న్యూయార్కు జువావ్ పటాలంలో మా అన్నకొడుకు పెట్టుకునేది ఇలాంటిదే."

"మీ అన్నకొడుకుది ఎర్ర టోపీ అన్నారు కదా. దానికి కుచ్చు కూడా ఉందన్నారు."

"కుచ్చు మనం పెడతాం."

"మరి ఈ నాలుగు గుర్తులు?"

"తాళ్ళకి. గడ్డం కింద కట్టుకోవాలి. గాలికి ఎగిరిపోతే సర్కారు ఇంకోటి ఇస్తుందా?"

సందేహం తీరిపోయింది. సందేహం తీరిన ఆడవాళ్ళ చేతులకు అడ్డేముంది? బుధవారం పొద్దెక్కేసరికే మొదటిది తయారైంది. తొడిగి చూడటానికి తల కావలసి వచ్చింది. సిస్టర్ క్రాండల్ భర్త, చర్చి పెద్ద డీకన్ క్రాండల్, టీ పొయ్యిలో కట్టెలు వేయడానికి లోపలికి వచ్చాడు. ఆయన్ని కూర్చోబెట్టి తొడిగారు. అది నుదురు దాటి, ముక్కు దాటి, గడ్డం దగ్గర ఆగింది. పైన మొన నిటారుగా నిలబడి, ఎర్ర కుచ్చుతో సహా ఒక పక్కకు వాలింది.

"ఏమైనా కనిపిస్తోందా?" అని అడిగింది భార్య.

"చీకటి," అన్నాడు డీకన్ లోపలి నుంచి.

"ఎండ తగులుతోందా?"

"లేదు."

"అదీ సంగతి," అంది సిస్టర్ క్రాండల్ అందరి వైపూ తిరిగి.

"దారి కనబడకపోతే వాళ్ళు నడిచేదెలా?" అని రొక్సానా వదలలేదు.

"సిపాయిలు వరసలో నడుస్తారు. ముందువాడి అడుగుల చప్పుడు వింటే చాలు."

"అందరికన్నా ముందువాడో?"

"ముందు నడిచేది కెప్టెన్. ఆయనకు వేరే టోపీ ఉంది. రొక్సానా, నువ్వు కుచ్చులు కట్టు."

ఆ సాయంత్రం రొక్సానా బడి కిటికీ దగ్గర ఆగి, "అన్నీ అయిపోయాయి. కుచ్చులు కూడా పెట్టాం," అని లోపలికి గుసగుసలాడింది.

"మెడగుడ్డకు కుచ్చెందుకు?" అంది థిర్జా.

"నన్నడక్కు. పైవాళ్ళని అడుగు."

కమిటీ పెద్ద ఒకాయన గొంతు సవరించుకున్నాడు. థిర్జా పిల్లల చేత చెప్పిస్తున్న నదుల పేర్లలోకి తిరిగి వెళ్ళిపోయింది. కుచ్చు మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది.

గురువారం బడి వదలగానే ఆమె నమూనా తెచ్చుకుందామని చర్చి గదికి వెళ్ళింది. పెట్టె పొద్దున్నే డీకన్ బండిలో వెళ్ళిపోయింది. సంఘానికి గుర్తుగా ఒకటి మాత్రం బల్ల మీద ఉంచుకున్నారు. ఆడవాళ్ళంతా దాని చుట్టూ చేరి టీ తాగుతున్నారు. థిర్జా దాన్ని చేతిలోకి తీసుకుంది. మొన వైపు పట్టుకుని వేలాడదీసింది. తాళ్ళ వైపు పట్టుకుని వేలాడదీసింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది.

అది ఏ కాగితం నుంచి వచ్చిందో ఆమెకు తెలుసు. ఏటా జూలైలో దాన్ని చూసి కొత్త సంచీ కుట్టేది. ఉడికిన రాస్‌బెర్రీ పళ్ళ గుజ్జు అందులో పోసి, దూలానికి వేలాడదీసి, రసం బొట్టు బొట్టుగా గిన్నెలోకి దిగేదాకా ఆగాలి. పిండకూడదు, పిండితే జెల్లీ మసకబారుతుంది. ఏసా ఆగలేక ఏటా పిండేవాడు. రెండేళ్ళుగా ఆమె జెల్లీ పెట్టలేదు. కాగితాన్ని మేకు నుంచి తీయనూ లేదు.

"సిస్టర్ క్రాండల్, ఇదేమిటో మీకు తెలుసా?" అని అడిగింది.

"జువావ్ హేవ్‌లాక్."

"జెల్లీ వడగట్టే సంచి."

"నీకు గట్టిగా తెలుసా?" అంది సిస్టర్ క్రాండల్.

"మా ఇంట్లోది. మొన కిందకి పెట్టి వేలాడదీస్తాం."

"మేం మొన పైకి పెట్టాం."

"అప్పుడు కూడా జెల్లీ సంచే. కాకపోతే జెల్లీ నేల మీద పడుతుంది."

రొక్సానా ఎప్రన్‌లో మొహం దాచుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని ఎవరో వీపు తట్టారు.

సరిగ్గా అప్పుడే డీకన్ క్రాండల్ టోపీ చేతిలో పట్టుకుని, మొహం వెలిగిపోతూ లోపలికి వచ్చాడు. "మీరిక్కడ కూర్చున్నారా? రేపు మధ్యాహ్నం కల్నల్ గారు పటాలంలో మన ఊరి కంపెనీ కవాతు చూస్తారట. మీ కుట్టుసంఘం వాళ్ళని వేదిక మీద కూర్చోమన్నారు. పత్రికాయన కూడా వస్తున్నాడు. కుర్రాళ్ళకి పెట్టె మూత నేనే తీసి చూపించాను."

"చూసి ఏమన్నారు?" అని పీల గొంతుతో అడిగింది సిస్టర్ క్రాండల్.

"ఒక్కసారి కేకలు పెట్టారు. పెట్టె ఎత్తుకుని గుడారాల వెనక్కి పరిగెత్తారు. నన్ను రానివ్వలేదు."

పత్రికాయన మాట వినగానే సిస్టర్ క్రాండల్ చేతిలోని సాసరు బల్ల మీద పెట్టేసింది. ఊరి కుర్రాళ్ళంతా ముక్కుల దాకా జెల్లీ సంచీలు లాక్కుని, ఎర్ర కుచ్చులు ఊపుకుంటూ, కల్నల్ ముందు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడటం అందరి కళ్ళ ముందూ కదిలింది.

థిర్జా ఆలోచన వేరే చోట ఉంది. మేకుకు రెండు కాగితాలు ఉండాలి. రెండోది ఏమైంది? చీజ్ గుర్తొచ్చింది. "అసలు నమూనా ఓరిన్ దగ్గరే ఉంది," అంది లేచి నిలబడి. "చీజ్‌కి చుట్టి నేనే ఇచ్చాను. రేపు వెళ్ళి తెచ్చుకోవాలి. ఎల్లుండి రైలు కదిలేలోపు వాడి ఒక్కడికైనా కుట్టాలి."

"రేపు మనం వెళ్తున్నాం," అంది సిస్టర్ క్రాండల్. ఆమెకు అధ్యక్షురాలి గొంతు తిరిగి వచ్చింది. "నేను కల్నల్‌ని మాటల్లో పెడతాను. మీరిద్దరూ గుడారాల్లోకి దూరి ఆ సంచీలన్నీ పోగుచెయ్యండి."

"సర్కారు గుడారాల్లో దొంగతనమా?" అంది రొక్సానా ఎప్రన్ దించి.

"మనవి మనం తెచ్చుకుంటే దొంగతనం ఎలా అవుతుంది?"

మర్నాడు డీకన్ బండి తోలాడు. థిర్జా ఒళ్ళో తెల్లగుడ్డ తాను, కత్తెర, సూదులు ఉన్నాయి. రొక్సానా ఒళ్ళో రెండు ఖాళీ గోనెలు ఉన్నాయి. దారి పొడుగునా సిస్టర్ క్రాండల్ కల్నల్‌తో ఏం మాట్లాడాలో పెదాలు కదుపుతూ వల్లెవేసుకుంది. సంతమైదానంలో వేసిన క్యాంపు కనబడేసరికే డోళ్ళు మోగుతున్నాయి. సిస్టర్ క్రాండల్ బోనెట్టు సర్దుకుని వేదిక వైపు నడిచింది. మిగతా ఇద్దరూ గోనెలు లంగాల మడతల్లో దాచుకుని వెనక వైపుకు తిరిగారు.

కాపలావాడు తుపాకి అడ్డం పెట్టాడు. "ఆగండి. సంకేతం చెప్పాలి."

"సంకేతమా? పుట్టినప్పుడు నీకు స్నానం చేయించింది నేను. వీపు మీద మచ్చ ఎక్కడుందో చెప్పనా?" అంది రొక్సానా.

కాపలావాడు అటూ ఇటూ చూసి తుపాకి దించాడు. "మెల్లగా అనండి, రొక్సానా ఆంటీ."

మొదటి గుడారంలో దుప్పట్లు ఉన్నాయి, సంచీలు లేవు. రెండోదాంట్లోనూ లేవు. మూడోదాంట్లో ఎవరో నిద్రపోతున్నాడు. రొక్సానా అతని తలకింద కూడా తడిమి చూసింది. చివరి గుడారం దాటేసరికి గుప్పున కాఫీ వాసన వచ్చింది.

వంట పొయ్యిల వరస అక్కడే ఉంది. ప్రతి పొయ్యి పక్కనా మూడు కర్రలు కలిపి కట్టి నిలబెట్టారు. ప్రతి కర్రల గూటికీ నాలుగు తాళ్ళతో ఒక సంచీ వేలాడుతోంది, మొన కిందికి. ఆ మొనకు కుట్టిన ఎర్ర కుచ్చు నుంచి చిక్కటి కాఫీ ధారగా కెటిల్లోకి దిగుతోంది.

ఇద్దరూ దగ్గరికి వెళ్ళి వంగి చూశారు. వెనక నుంచి కెప్టెన్ లైమన్ టటిల్ పరుగున వచ్చాడు. యుద్ధానికి ముందు ఆయన ఊళ్ళో గుర్రపు జీనులు కుట్టేవాడు. మంచి కుట్టు చూస్తే ఇప్పటికీ మనసు ఆగదు.

"మిసెస్ పెటిబోన్, మీ అందరికీ చేతులెత్తి మొక్కాలి. ఇన్నాళ్ళూ మేం కాఫీ తాగలేదండీ, నమిలాం. పొడి పళ్ళ సందుల్లోనే ఉండేది. పక్కూరు ఈస్ట్ హార్లో వాళ్ళు పోయిన నెలలో మెడగుడ్డలు పంపారు. వాటితో వడగట్టాలంటే నాలుగు మూలలకీ నలుగురు నిలబడాలి. కాలితే ఒకడు వదిలేస్తాడు. వాడితో పాటు కాఫీ పోతుంది. మీరు చూడండి, మొన పెట్టారు, తాళ్ళు పెట్టారు. సిపాయి కష్టం తెలిసిన సంఘం ఇదొక్కటే. కుచ్చు దేనికో మొదట అర్థం కాలేదు."

"ఇప్పుడు అర్థమైందా?" అని అడిగింది రొక్సానా.

"పట్టుకుని పిండటానికి. మా వాళ్ళు ఇట్టే కనిపెట్టారు. కొంచెం ఎర్రరంగు దిగుతోంది, పరవాలేదు."

"ఈస్ట్ హార్లో మెడగుడ్డలు మీ దగ్గర ఉన్నాయా?" అంది థిర్జా. "ఆదివారం వచ్చినప్పుడు మా వాడు చెప్పలేదే."

"వాటిని కాఫీకి వాడుతున్నామంటే నువ్వు బాధపడతావని చెప్పలేదు," అంటూ కెటిల్ల మధ్య నుంచి ఓరిన్ వచ్చాడు, చేతిలో రేకు గ్లాసు. అతని మెడ కాలర్ పైన అప్పటికే ఎర్రగా కందిపోయి ఉంది. థిర్జా కళ్ళు అక్కడే ఆగాయి.

"కాగితం ఏదిరా?"

"ఏ కాగితం?"

"చీజ్‌కి చుట్టిన కాగితం. అది మెడగుడ్డ నమూనా."

ఓరిన్ ఒక క్షణం ఆలోచించి, టోపీ తీశాడు. ముందుకు వాలి కూలబడినట్టుండే ఆ నీలం టోపీ లోపల, అంచు చుట్టూ, గోధుమరంగు కాగితం మడతలు పెట్టి దోపి ఉంది. "సర్కారు దగ్గర రెండే సైజులక్కా. పెద్దది, మరీ పెద్దది. నాకు మరీ పెద్దది వచ్చింది."

థిర్జా కాగితం బయటికి లాగింది. మడతల మీద ఆమె పెన్సిలు గీత ఇంకా ఉంది, చీజ్ మరక పక్కనే. ఓరిన్ టోపీ పెట్టుకుంటే అది చెవుల మీదుగా జారి కళ్ళ మీద పడింది.

"ఇప్పుడెలా ఉన్నాను?"

"డీకన్ గారిలా ఉన్నావు," అంది రొక్సానా.

డోలు పెద్దగా మోగింది. థిర్జా టోపీ తీసి, కాగితాన్ని మళ్ళీ జాగ్రత్తగా మడిచి అంచు చుట్టూ దోపి, అతని తల మీద పెట్టింది. తర్వాత తాను విప్పి కత్తెర తీసింది. కెప్టెన్ ఆమె కత్తెరకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"దానితో పని లేదండీ. కాఫీకి సంచీలు వచ్చాయి కదా, మెడగుడ్డలకు ఇక వేరే ఉద్యోగం లేదు. నిన్ననే ఉతికించాను. కల్నల్ గారికి ఏదో ఒకటి చూపించాలి కాబట్టి అందర్నీ వాటినే తొడుక్కోమన్నాను." ఆయన దండెం వైపు చెయ్యి చూపించాడు. వరసగా ఆరేసిన హేవ్‌లాక్‌లు. ఒక్కటీ తెల్లగా లేదు. అన్నీ ఎండిన మట్టి రంగులో ఉన్నాయి.

థిర్జా ఒకటి తీసి ఓరిన్ టోపీ మీద తొడిగి, వెనక్కి వెళ్ళి, కందిన చోటు కనబడకుండా కాలర్ దాకా లాగింది. రెండుసార్లు లాగింది.

"కాఫీ వాసన వస్తోందక్కా."

"రానీ."

అతను కదలకుండా నిలబడ్డాడు. "ఈ సంచీ చూస్తే బావ గుర్తొచ్చాడు. దొంగతనంగా పిండి, చేతులు వెనక దాచుకునేవాడు." తల తిప్పకుండానే, "ఈ ఏడాదైనా జెల్లీ పెట్టు," అన్నాడు.

"చూద్దాం. వరసలోకి పో."

కంపెనీ మైదానంలోకి నడిచింది. ఎండలో మట్టిరంగు గుడ్డలు ఒక్క తాటి మీద ఊగాయి. ఒక్క మెడ కూడా బయట లేదు. వేదిక మీద సిస్టర్ క్రాండల్ కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. చప్పట్లు విని ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది తెరిచింది.

"ఈ రంగు ఎవరి ఆలోచనండీ? తెల్లగుడ్డ అయితే శత్రువుకు మైలు దూరం నుంచి కనబడుతుంది," అన్నాడు కల్నల్ ఆమె వైపు వంగి.

జరిగింది ఏమిటో ఆమెకు ఒక్క ముక్క తెలియదు. అయినా తడుముకోలేదు. "మా సంఘానిదే. ఇండియాలో ఇలాగే మట్టిరంగు వేస్తారట," అంది. పత్రికాయన రాసుకున్నాడు.

అంతలో కాఫీ వచ్చింది. కల్నల్ ఒక గుక్క తాగి గ్లాసులోకి చూశాడు. పళ్ళ మీద నాలుక తిప్పుకుని ఇంకో గుక్క తాగాడు. కవాతు సంగతి మర్చిపోయి వడగట్టిన సరంజామా చూపించమన్నాడు. సంచీ మొన, తాళ్ళు, కుచ్చు చూశాక మిగతా కంపెనీలన్నిటికీ కూడా కావాలని అక్కడికక్కడే అడిగాడు. ఈస్ట్ హార్లో వాళ్ళ గుడ్డలు ఇందుకు పనికిరాలేదన్న మాట సిస్టర్ క్రాండల్ కెప్టెన్ చేత రెండుసార్లు చెప్పించుకుంది.

"మొన కిందకి ఉండాలని మేం మొదటి నుంచీ అనుకున్నాం," అంది.

తిరుగుదారిలో రొక్సానా ఖాళీ గోనెలు మొహానికి అడ్డం పెట్టుకుని ఊరొచ్చేదాకా నవ్వింది. థిర్జా కత్తిరించని తాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. శనివారం రైలు వెళ్ళిపోయింది. కిటికీల్లోంచి ఊగిన చేతుల్లో ఓరిన్ చెయ్యి ఏదో ఆమె పోల్చుకోలేకపోయింది. మెడలు మాత్రం అన్నీ కప్పి ఉన్నాయి.

సోమవారం నుంచి చర్చి గదిలో మళ్ళీ సూదులు ఆడుతున్నాయి. సిస్టర్ క్రాండల్ ఆ జెల్లీ సంచీ కాగితానికి సైన్యం నమూనా అని పేరు పెట్టి, అలమారలో పెట్టి తాళం వేసింది. యుద్ధం అయ్యేదాకా ఇంటి పనులకు ఇవ్వనంటోంది. థిర్జా వంటింటి తలుపు వెనక మేకు ఖాళీగా ఉంది. పెరట్లో రాస్‌బెర్రీ పళ్ళు ఎర్రగా పండి రాలుతున్నాయి. జెల్లీ ఇంకా పెట్టలేదు.